పోయింది ముక్క, మార్చమన్నది మొత్తం
కారు ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకటే గొడవ. షోరూంలో ఫలానా భాగం మొత్తం మార్చాలన్నారు, బయట ఎవరో చిన్న ఖర్చుతో అయిపోతుందన్నారు, ఎవరి మాట వినాలి? షోరూం వాళ్లు ప్రతిసారీ అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. చాలా భాగాలు వాళ్ల జాబితాలో మొత్తంగానే ఉంటాయి, లోపలి ముక్కకు విడిగా నంబరే ఉండదు. పైగా చేసిన పనికి వాళ్లు వారంటీ ఇవ్వాలి కాబట్టి అతుకుల జోలికి పోరు. అలాగని బయట చెప్పే చిట్కాలన్నీ మంచివీ కావు. కొన్ని జబ్బును తీస్తాయి, కొన్ని జబ్బు కనబడకుండా చేస్తాయి. అసలు పోయిందేమిటో తేల్చుకుంటే ఏది ఏదో తెలిసిపోతుంది.

ప్రశ్న: కారు కొని ఎనిమిదేళ్లయింది. హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడి మసకబారాయి, రాత్రి దారి సరిగా కనబడటం లేదు. రెండు లైట్లూ మార్చాలంటున్నారు. టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. టూత్‌పేస్టులో సన్నటి గరుకు పొడి ఉంటుంది, దాంతో పైపొర కాస్త గీరుకుపోయి ఆ పూటకు మెరుస్తుంది. కొన్ని వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. మనం అద్దం అంటున్నది అద్దం కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. దానికి ఎండ పడదు. అందుకే ఫ్యాక్టరీలో దానిమీద అతినీలలోహిత కిరణాలను ఆపే గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత చచ్చి, పొలుసులుగా లేచి, కింది ప్లాస్టిక్ పచ్చబడుతుంది. కనుక చచ్చిన పూత పూర్తిగా తీసెయ్యాలి, కొత్త పూత వెయ్యాలి. రెండోది ఎగ్గొడితే మొదటిది దండగ. టూత్‌పేస్టు వైద్యం తేలిపోయేది అక్కడే.

మొదలుపెట్టే ముందు లైటును తడిగుడ్డతో తుడిచి చూడండి. తడి ఉన్నంతసేపు తేటగా కనబడి, ఆరగానే మసకబారితే జబ్బు పైనే ఉంది, బాగవుతుంది. తడిలోనూ అలాగే ఉంటే లోపలివైపు మసక పట్టినట్టు, లేదా వెనక వెండిపూత పోయినట్టు. దానికి ఎంత రుద్దినా లాభం లేదు.

తడిపి రుద్దే గరుకు కాగితాలు, అంటే వాటర్ పేపర్లు, 1000, 1500, 2000, 3000 నంబర్లవి కొనండి. పూత పొలుసులుగా లేచి ఉంటే 800 కూడా కావాలి. లైటు చుట్టూ పెయింటు మీద, బంపర్ మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించండి. చెయ్యి జారి పెయింటు గీసుకుంటే మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది. పేపర్లను రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. మొదటి పేపరు అడ్డంగా రుద్దండి, నీళ్లు పోస్తూనే ఉండాలి. కారే నీరు మొదట పసుపుపచ్చగా ఉంటుంది, అది చచ్చిన పూత. నీరు పాలలా తెల్లబడేదాకా ఆపొద్దు. అందరూ ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి పేపరు దగ్గర మిగిలిన మచ్చను తర్వాతి పేపర్లేవీ తియ్యలేవు, పైన పూత వేశాక అది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. రెండో పేపరు నిలువుగా రుద్దండి, అడ్డగీతలన్నీ మాయమయ్యాకే మూడోదానికి వెళ్లండి. 2000 అయ్యేసరికి లైటు మొత్తం ఒకే తీరున గుడ్డిగా కనబడుతుంది. పాడుచేశామేమోనని కంగారు పడొద్దు, అలాగే ఉండాలి.

3000 కూడా అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి పూత వెయ్యాలి. గుడ్డతో తుడిచే రకం కొంటే నీడలో, దుమ్ము లేనిచోట, ఒకే దిశలో ఒక్కసారి లాగండి. వదిలిపోయిన చోటు కనబడింది కదా అని వెనక్కి వెళ్తే చారలు పడతాయి. రెండు భాగాలు కలిపే స్ప్రే క్లియర్‌కోట్ ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అందులో ఊపిరితిత్తులకు చేటు చేసే ఐసోసయనేట్‌లు ఉంటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే అవి ఆగవు. ఆ పని పెయింటర్‌కు వదిలెయ్యడమే మేలు. రుద్దడం మీరు చేసి పూత వరకు అతనితో వేయించుకున్నా కొత్త లైట్ల ఖర్చులో చిన్న వంతే అవుతుంది. పూత వేశాక ఒక రోజంతా తడి తగలనివ్వకండి.

ఇంకొక్క మాట. మసక లైటుకు మందుగా ఎక్కువ వాట్ల బల్బు పెట్టొద్దు. హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. హోల్డరూ, వైరింగూ ఆ వేడికే లెక్క.

ప్రశ్న: ఏసీ ఫ్యాను 1, 2, 3 నంబర్లలో తిరగదు. 4 పెడితే మాత్రం హోరుమని తిరుగుతుంది. బ్లోయర్ మొత్తం మార్చాలన్నారు.

జవాబు: నాలుగులో తిరుగుతోందంటే మోటరు బతికే ఉంది. పోయింది దాని రెసిస్టర్. తక్కువ వేగాల్లో కరెంటు రెసిస్టర్ గుండా తగ్గి వస్తుంది, నాలుగులో దాన్ని తప్పించుకుని నేరుగా మోటరుకు పోతుంది. రెసిస్టర్‌లో వేడి ఎక్కువైతే తెగే చిన్న థర్మల్ ఫ్యూజ్ ఒకటి ఉంటుంది. అది తెగితే సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే కనబడుతుంది.

చాలా కార్లలో రెసిస్టర్ గ్లవ్ బాక్స్ వెనక, బ్లోయర్ పక్కన గాలి గొట్టంలోకి దూరి ఉంటుంది. ఒక కనెక్టర్, రెండు స్క్రూలు, అంతే. కారు ఆపి తాళంచెవి తీసేసి, కనెక్టర్ లాగి, స్క్రూలు విప్పి బయటికి తీయండి. కనెక్టర్ పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారినా, కరిగినా, కనెక్టర్ కూడా మార్చాలి. లేకపోతే కొత్త రెసిస్టర్ కూడా ఆ వదులు పిన్నుల వేడికే పోతుంది.

కొత్తది బిగించే ముందు పాతది ఎందుకు మాడిందో చూడండి. దాన్ని గాలి గొట్టంలో పెట్టింది చల్లబడటానికే. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గి అది వేడెక్కుతుంది. ఫ్యాను చక్రాన్ని వేలితో తిప్పితే ఇంకా కొంచెం తనంతట తాను తిరిగి ఆగాలి. వేలు తియ్యగానే పట్టేసినట్టు ఆగినా, గరగరమన్నా మోటరు బేరింగ్ ఎండిపోయి ఎక్కువ కరెంటు లాగుతోందన్నమాట. అప్పుడు మాత్రం బ్లోయర్ మార్చమన్నవాళ్లది తప్పు కాదు.

తెగిన ఫ్యూజ్ మీదుగా వైరు ముక్క సోల్డర్ చేసి నడిపేస్తారు కొందరు. ఫ్యాను తిరుగుతుంది. డాష్‌బోర్డు కింద నిప్పు అంటుకోకుండా ఆపేది మాత్రం ఇక ఏదీ ఉండదు. వేగాన్ని నంబర్లతో కాక ఉష్ణోగ్రతను బట్టి తనంతట తానే మార్చుకునే ఏసీ అయితే రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, దానికి ఈ లెక్క పనికిరాదు.

ప్రశ్న: పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది. బ్యాటరీ మొన్ననే మార్చాం. ఇప్పుడు సెల్ఫ్ మోటర్ మార్చాలంటున్నారు.

జవాబు: ఎవరైనా మీటరు పెట్టి చూశారా? బ్యాటరీ కొత్తదే కాబట్టి మోటరే పోయిందనడం ఊహ. ఆ రెండింటి నడుమ రెండు లావు తీగలు, నాలుగైదు బిగింపులు ఉన్నాయి. చిలుము పట్టేది అక్కడే.

మామూలు మల్టీమీటర్ చాలు. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని చూడండి. అప్పుడు సుమారు 9.6 కంటే కిందికి పడితే ఛార్జి చాల్లేదు, లేదా కొత్త బ్యాటరీయే బలహీనం. పడకుండా నిలిచిందీ, అయినా ఇంజను మూలుగుతోందీ అంటే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది.

ఎక్కడో ఇలా పట్టుకోవాలి. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద పెట్టండి, చుట్టూ ఉన్న క్లాంపు మీద కాదు. ఎర్ర తీగ ఇంజను మీద శుభ్రంగా ఉన్న ఇనుము మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టు దాటితే ఎర్త్ దారి చెడింది. తర్వాత ఎర్ర తీగ పాజిటివ్ స్తంభం మీద, నల్లది సెల్ఫ్ మోటర్ లావు బోల్టు మీద పెట్టి చూడండి. అక్కడ 0.5 దాటకూడదు. ఎక్కువ వస్తే స్తంభానికీ క్లాంపుకీ మధ్య, క్లాంపుకీ తీగకీ మధ్య, ఇలా జరుపుకుంటూ పోతే దోషం ఉన్నచోట అంకె ఎగురుతుంది. బట్టలు, చేతులు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంచండి.

శుభ్రం చేసేటప్పుడు ముందు నెగటివ్ విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు రాలుతాయి. గ్లాసు నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి పోస్తే చిలుము బుస్సుమని పొంగి వదులుతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. మంచినీళ్లతో కడిగి, ఆరాక, స్తంభాన్నీ క్లాంపు లోపలి వైపునూ లోహం తళతళలాడేదాకా తీగబ్రష్‌తో గీకండి. పైపైన తెల్లపొడి దులిపేసి వదిలేస్తే పని కాదు, అడ్డుపడేది లోపల నల్లగా ఉన్న పొర. పాజిటివ్ ముందు, నెగటివ్ తర్వాత బిగించి, చేత్తో తిప్పితే క్లాంపు కదలకుండా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే పైన వ్యాసలీన్ రాయండి. ఇంజను నుంచి బాడీకి పోయే అల్లిక తీగ బోల్టు కూడా విప్పి గీకండి. అందరూ మరిచిపోయేది దాన్నే. బ్యాటరీ విప్పితే కొన్ని కార్లలో రేడియో కోడ్ అడుగుతుంది, అది చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా మూలుగుతుంటే అప్పుడు మోటరు విప్పించండి. అప్పుడైనా పోయేది ఎక్కువగా బ్రష్‌లో, మోటరుకు కరెంటు కలిపే సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులో, బుష్‌లో. సెల్ఫ్ మోటర్లు రిపేరు చేసే ఎలక్ట్రీషియన్‌కు ఇది రోజువారీ పని.

ప్రశ్న: తాళంచెవి పగిలింది, బటన్ రబ్బరు చిరిగింది. కొత్త కీ, ప్రోగ్రామింగ్ అంటూ చాలా చెప్పారు.

జవాబు: ఖాళీ షెల్, అంటే కీ పై డొల్ల, కొని లోపలి బోర్డు, బ్యాటరీ అందులోకి మార్చుకోండి. ఒకటే జాగ్రత్త: ఇంజన్ స్టార్ట్‌కు అనుమతిచ్చే ట్రాన్స్‌పాండర్ చిప్ కొన్ని కీలలో బోర్డు మీద ఉండదు, బియ్యపుగింజ లాంటి ముక్కగా పాత షెల్ మూలలో విడిగా ఇరికించి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా పాత షెల్‌తో పాటు చెత్తబుట్టలో వేస్తారు. అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి, ఇంజను మాత్రం అందుకోదు. కొత్త కీతో పదిసార్లు స్టార్ట్ చేసి చూశాకే పాత షెల్ పారెయ్యండి.

ప్రశ్న: ఇంజను వణుకుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. స్కాన్ చేస్తే పి0302 వచ్చింది. నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్ చెయ్యాలన్నారు.

జవాబు: పి0302 అంటే రెండో సిలిండర్ సరిగా మండటం లేదని. ఎందుకు మండటం లేదో కోడ్ చెప్పదు. ఒక్కో ప్లగ్గు మీద, దానికి నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఒక్కోటి ఉన్న ఇంజనైతే తేల్చడానికి పావుగంట చాలు. ఇంజను చల్లారాక రెండో కాయిల్ తీసి మూడో దానిలో, మూడోది రెండో దానిలో పెట్టండి. కోడ్ చెరిపి నడపండి. ఇప్పుడు పి0303 వస్తే జబ్బు కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, ఆ ఒక్క కాయిల్ మార్చండి. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి, ఇదే పని ప్లగ్గుతో చెయ్యండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ చూపించాలి. ప్లగ్గులు మాత్రం కిలోమీటర్ల లెక్క నిండి ఉంటే నాలుగూ కలిపి మార్చండి, అది దండుగ కాదు. అరిగిన ప్లగ్గు కాయిల్‌ను కూడా చంపుతుంది.

కాయిల్ తీసేటప్పుడు ప్లగ్గు గుంటలో నూనె కనబడితే అది వాల్వ్ కవర్ రబ్బరు కారడం. దాన్ని వదిలేసి కాయిల్ మారిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. ఇక లైటు నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే ఆ క్షణమే వేగం తగ్గించి పక్కన ఆపండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది పాడైతే నాలుగు కాయిల్స్ ఖర్చు దాని ముందు ఎంత?

ప్రశ్న: రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ ట్యాంకులో సన్నటి బీట పడి కూలెంట్ కారుతోంది. ఎపాక్సీ ముద్ద పెడితే సరిపోతుందా? లీకు ఆపే పొడి కూడా దొరుకుతోంది.

జవాబు: ఇక్కడ మేం షోరూం వైపే. ఇంజను వేడెక్కితే ఆ ట్యాంకులో ఒత్తిడి వాతావరణ పీడనం కంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఉంటుంది. ప్లాస్టిక్ ఒకలా, అల్యూమినియం మరొకలా వ్యాకోచిస్తాయి, ప్రతి ప్రయాణంలోనూ ఆ బీట తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. ముద్ద ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మొద్దు. పొడి సంగతి ఇంకా చెడ్డది. దానికి బీట ఏదో, సన్నని గొట్టం ఏదో తేడా తెలీదు. కారు లోపలికి వేడి గాలి ఇచ్చే హీటర్ కోర్ గొట్టాల్లో పేరుకుని వాటినీ మూసేస్తుంది.

అయితే నిజంగా బీటేనా? ఇంజను పూర్తిగా చల్లారాక చూడండి. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. కూలెంట్ ఆరినచోట రంగు పొక్కు కడుతుంది, దాన్ని పట్టుకుని పైకి వెళ్లండి. హోస్ క్లిప్పు దగ్గర మొదలైతే క్లిప్పు, మూత అంచున మొదలైతే మూత, అడుగున మొదలైతే డ్రెయిన్ ప్లగ్గు రబ్బరు. మూడూ అతి తక్కువ ఖర్చువి. బీటే అని తేలితే రేడియేటర్ మార్చండి, కానీ కంపెనీ పెట్టెలోదే కొనాలని లేదు. మంచి తయారీదారుది తీసుకుని, మందం, పైపుల స్థానాలు, ఆటోమేటిక్ గేరు కారైతే గేరు నూనె గొట్టాల మూతులు పాతదాని పక్కన పెట్టి సరిచూడండి. నీళ్లు కలపని గాఢ కూలెంట్ అయితే అది, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. నింపాక లోపలి గాలి పోవాలి: హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి, రేడియేటర్ ఫ్యాను ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూసి, చల్లారాక మట్టం సరిచెయ్యండి. గాలి బుడగ మిగిలితే కొత్త రేడియేటర్‌తోనే ఇంజను ఉడుకుతుంది.

ప్రశ్న: ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు. చిన్న రెసిస్టర్ పెట్టి ఆర్పేస్తానని ఒకాయన అన్నాడు.

జవాబు: ఆయన ఆర్పేది లైటును. ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట రెసిస్టర్ పెడితే కంప్యూటర్ మోసపోతుంది, ప్రమాదంలో బ్యాగ్ మాత్రం తెరుచుకోదు. ఆ పసుపు కనెక్టర్లలో మల్టీమీటర్ కూడా పెట్టొద్దు, ఓమ్‌లు కొలిచేటప్పుడు మీటరు పంపే కరెంటుకే అది పేలే అవకాశం ఉంది. లైటుతో పాటు హారనూ, స్టీరింగ్ మీది బటన్లూ పనిచెయ్యకపోతే స్టీరింగ్ వెనకుండే చుట్టతీగ తెగి ఉంటుందని షోరూం వాళ్లకు చెప్పండి, వాళ్లు వెతికే సమయం తగ్గుతుంది. పని మాత్రం వాళ్లనే చెయ్యనివ్వండి.

ప్రశ్న: కంపెనీ పెట్టెలో భాగానికి, బయట దొరికే దానికి ధరలో అంత తేడా ఎందుకు? బయటిది వాడొచ్చా?

జవాబు: కార్ల కంపెనీలు అన్ని భాగాలూ తామే చెయ్యవు. బాష్, డెన్సో, వాలియో, ఎన్‌జీకే లాంటి సంస్థలు చేసిచ్చినవే తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. పాత భాగం మీద ఆ తయారీదారు పేరు, నంబరు చాలాసార్లు అచ్చై ఉంటాయి. ఆ నంబరుతో అడిగితే అదే సరుకు మామూలు పెట్టెలో తక్కువకు దొరుకుతుంది. ఫిల్టర్లు, వైపర్లు, బల్బులు, రెసిస్టర్లు, కాయిల్స్‌కు ఈ దారి బాగుంటుంది. ఆ పేర్లకే నకిలీలూ ఎక్కువ, కాబట్టి అచ్చు అలికినట్టున్నా, ధర మరీ తక్కువున్నా తీసుకోవద్దు. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ హోస్‌లు, టైమింగ్ బెల్టు, స్టీరింగ్ టై రాడ్ ఎండ్‌ల దగ్గర పేరు లేని సరుకూ వద్దు, వాడేసిన సరుకూ వద్దు.

ఏ భాగం మార్పించినా, పాతది తిరిగి కావాలని పని అప్పగించేటప్పుడే కాగితం మీద రాయించండి. బిల్లు కట్టాక అడిగితే అది అప్పటికే తుక్కులోకి పోయి ఉంటుంది.